వయల్ ఎక్కడ పగులుతోందో చూశాకే మ్యాగ్లెవ్ మాట

జీడిమెట్ల వైపు ఒక ఇంజెక్షన్ల ప్లాంటులో కొన్నాళ్లు ప్యాకింగ్ లైన్ చూసుకున్నాను. నిమిషానికి 300 వయల్స్, అంటే ఇంజెక్షన్ మందు నింపే చిన్న గాజు సీసాలు, నడిచే లైన్ అది. షిఫ్టుకు రెండు మూడు సార్లు ఆగేది. ఆగిన ప్రతిసారీ ఒకటే తంతు. గాజు పెంకులు ఏరాలి, చుట్టుపక్కల ఉన్న వయల్స్ అన్నీ రిజెక్ట్ ట్రేలో వేయాలి, లైన్ శుభ్రంగా ఉందని లైన్ క్లియరెన్స్ సంతకాలు పెట్టించుకోవాలి, అప్పుడు గానీ మళ్లీ మొదలుపెట్టకూడదు. పగిలేది ఒక్క వయల్, పోయేది ఇరవై నిమిషాలు. "కన్వేయర్ స్పీడ్ తగ్గించండి" అన్నారు ప్రొడక్షన్ వాళ్లు. తగ్గించాం. పగలడం మాత్రం తగ్గలేదు.

ఆ రోజుల్లోనే మా మేనేజర్ ఒక ఎగ్జిబిషన్‌కి వెళ్లి, గాలిలో తేలుతూ వయల్స్‌ని మోసుకెళ్లే పలకల్ని చూసి మనసు పారేసుకుని వచ్చారు. కొటేషన్ చూశాక మళ్లీ తెచ్చుకున్నారు. కానీ ఆ ప్రశ్న నాలో ఉండిపోయింది. సున్నితమైన సరుకును మెత్తగా లోడ్ చేయడానికి అయస్కాంత శక్తితో గాలిలో తేల్చే ఈ మ్యాగ్లెవ్ నిజంగా అవసరమా? పలకల గొలుసుతో నడిచే, ఉన్న స్లాట్ కన్వేయర్‌నే బాగుచేసుకుంటే సరిపోతుందా? లేక మధ్యలో పైనుంచి సరుకు ఎత్తిపెట్టే డెల్టా రోబో పెట్టుకోవాలా? కొత్త లైన్ వేసే మిత్రులు ఇప్పటికీ నన్ను ఇదే అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను. ఉదాహరణ మొత్తం గాజు వయల్‌దే తీసుకుంటాను, నాకు చేయి తిరిగిన సరుకు అదే కాబట్టి.

పేర్లతో మోసపోకండి

అమ్మకానికి వచ్చేవాళ్లు "మాగ్నెటిక్ కన్వేయర్" అనే ఒక్క పేరుతో మూడు వేర్వేరు వస్తువులు చూపిస్తారు. మొదటిది చాలా పాతది. బెల్టు కింద అయస్కాంతాలు పెట్టి ఇనుప డబ్బాలు జారిపోకుండా పట్టి ఉంచేది. దానికీ మన విషయానికీ సంబంధం లేదు.

రెండోది లీనియర్ మోటార్ ట్రాక్. బెకాఫ్ కంపెనీ 2012లో తెచ్చిన ఎక్స్‌టీఎస్, బీ అండ్ ఆర్ వాళ్ల అకోపోస్ ట్రాక్, రాక్‌వెల్ వాళ్ల ఐట్రాక్ ఈ కోవలోవి. ఒక పట్టాలాంటి గైడ్ మీద చిన్న చిన్న బండ్లు తిరుగుతాయి. ప్రతి బండీ దేనికది విడిగా ఆగుతుంది, పరుగెడుతుంది. నడిపించేది అయస్కాంత శక్తే. కానీ బండికి చక్రాలున్నాయి, చక్రాలు గైడ్ మీదే దొర్లుతాయి. అంటే తేలడం లేదు. చక్రాలు అరుగుతాయి, మార్చాలి. దీన్ని కూడా మ్యాగ్లెవ్ అని చెప్పి అమ్మే సేల్స్ వాళ్లు నాకు ఎదురయ్యారు. "చక్రం ఉందా లేదా?" అని ఒక్క మాట అడిగితే విషయం తేలిపోతుంది.

మూడోదే అసలు మ్యాగ్లెవ్. బెకాఫ్ 2018లో జర్మనీలోని న్యూరెంబర్గ్ ప్రదర్శనలో చూపించిన ఎక్స్‌ప్లానార్, కెనడాకు చెందిన ప్లానార్ మోటార్ సంస్థ టెక్నాలజీతో బీ అండ్ ఆర్ తెచ్చిన అకోపోస్ 6డీ ఈ రకం. కింద 240 మి.మీ. చదరపు టైళ్లు పరుస్తారు, వాటి లోపల రాగి కాయిల్స్ ఉంటాయి. పైన తేలే పలకను మూవర్ అంటారు. దాని అడుగున శాశ్వత అయస్కాంతాలు తప్ప వైరు లేదు, బ్యాటరీ లేదు. మోడల్‌ను బట్టి అర మిల్లీమీటరు నుంచి 5 మి.మీ. ఎత్తు దాకా తేలుతుంది. ఏ దిక్కుకైనా కదులుతుంది, కొద్దిగా వంగుతుంది, పైకీ కిందికీ లేస్తుంది.

శాశ్వత అయస్కాంతాన్ని ఇంకో అయస్కాంతం మీద ఊరికే నిలకడగా తేలేలా పెట్టడం కుదరదని శామ్యూల్ ఎర్న్‌షా 1842లోనే లెక్క కట్టి చూపించాడు. అందుకే టైల్ లోపలి కంట్రోలర్ మూవర్ ఎక్కడుందో క్షణక్షణం చూసుకుంటూ కాయిల్స్‌లో కరెంటు సరిచేస్తూనే ఉంటుంది. కొనేవాడికి దీంట్లో పనికొచ్చే సంగతి ఒకటుంది. మూవర్ కదలకుండా నిలబడి ఉన్నా కరెంటు ఖర్చవుతూనే ఉంటుంది, టైల్ వేడెక్కుతూనే ఉంటుంది. బెల్టు ఆపితే మోటార్ తినేదేమీ లేదు. ఇక్కడ అలా కాదు.

దెబ్బ తగిలేది చేతులు మారేచోట

మా లైన్లో అసలు సంగతి బయటపెట్టింది ఏ ఖరీదైన పరికరమూ కాదు, ఒక సూపర్‌వైజర్ ఫోను. సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ పెట్టి లైన్ పొడవునా వీడియో తీశాం. నిమిషానికి 300 వయల్స్ అంటే సెకనుకు ఐదు. ఒక్కో వయల్‌కు 48 ఫ్రేములు దొరుకుతాయి, కంటికి ఆనని తగులుళ్లన్నీ కనబడతాయి. చూస్తే సాఫీగా సాగే కన్వేయర్ మీద వయల్‌కు ఏమీ కావడం లేదు. దెబ్బలన్నీ మూడు చోట్లే. వయల్స్ గుంపుగా తిరిగే గుండ్రటి బల్ల, అదే టర్న్ టేబుల్, నుంచి ఒంటి వరుసలోకి దూరే మెడ దగ్గర ఒకటి. వయల్స్‌ని ఎడం చేసి ముందుకు తోసే ఇన్‌ఫీడ్ స్క్రూ నుంచి, గాడుల చక్రమైన స్టార్ వీల్ గాడిలోకి వెళ్లేచోట రెండోది. కన్వేయర్ అయిపోయి కదలని పలక, అంటే డెడ్ ప్లేట్, మీదికి నెట్టబడేచోట మూడోది. సరుకు ఒక యంత్రం చేతిలోంచి ఇంకో యంత్రం చేతిలోకి వెళ్లే ప్రతిచోటా రెండింటి వేగాల్లో తేడా ఉంది. ఆ తేడానే దెబ్బ.

దీనికి తోడు క్యూ ఒత్తిడి. ఒక 10 మి.లీ. వయల్ నిండితే సుమారు 20 గ్రాములు ఉంటుందనుకుందాం. స్టార్ వీల్ ముందు 200 వయల్స్ ఆగి ఉంటే 4 కిలోలు. కింద చైన్ తిరుగుతూనే ఉంటుంది. గాజుకూ చైన్‌కూ మధ్య ఘర్షణ గుణకం 0.2 అని వేసుకుంటే ముందున్న వయల్ మీద వెనక నుంచి 800 గ్రాముల నెట్టుడు పడుతోంది. తన బరువుకు నలభై రెట్లు! ఆ స్థితిలో దాన్ని స్టార్ వీల్ లాక్కుంటే పక్కదానితో గీసుకోకుండా ఎలా బయటికి వస్తుంది? స్పీడ్ తగ్గించినా పగలడం ఆగకపోవడానికి కారణం ఇదే. నెట్టుడు క్యూ పొడవును బట్టి ఉంటుంది, చైన్ స్పీడును బట్టి కాదు.

కాబట్టి "ఏ కన్వేయర్ మెత్తన?" అన్న ప్రశ్నకు ముందు మీ లైన్లో సరుకు ఎన్నిచోట్ల చేతులు మారుతోందో లెక్కపెట్టండి. తేలడం వల్ల సరుకుకు మెత్తదనం రాదు. చక్రాల బండి మీద ఉన్నా, తేలే పలక మీద ఉన్నా, నున్నటి స్లాట్ చైన్ మీద ఉన్నా సాగేటప్పుడు వయల్‌కు తేడా తెలియదు. మ్యాగ్లెవ్ గొప్పతనం ఇంకోచోట ఉంది. మూవర్ స్క్రూతో సమానమైన వేగంతో పక్కనే నడుస్తూ వయల్‌ను అందుకోగలదు. రెండింటి మధ్య వేగం తేడా సున్నా. పరుగెత్తే బస్సును పరుగెత్తుతూ ఎక్కినట్టు. పైగా మూవర్లు ఒకదాన్నొకటి నెట్టుకోవు, కాబట్టి క్యూ ఒత్తిడి అన్నదే ఉండదు. నిజం చెప్పాలంటే ఈ రెండు పనులూ చక్రాల ట్రాక్ కూడా చాలావరకు చేస్తుంది.

ఉన్న లైన్‌ను బాగుచేయడం

చాలామందికి నా సలహా ముందు ఇదే. టర్న్ టేబుల్‌కూ స్టార్ వీల్‌కూ మధ్య సెన్సార్లు పెట్టి, క్యూ పెరిగితే వెనక కన్వేయర్ నెమ్మదించేలా, వేగాన్ని కచ్చితంగా మార్చగల విడివిడి సర్వో డ్రైవ్‌లు వేయించండి. అరిగిన స్టార్ వీల్ గాడులు మార్చండి. స్క్రూ టైమింగ్ సరిచూడండి. డెడ్ ప్లేట్‌ను వీలైనంత కుదించండి. వయల్ తయారీదారు నుంచి బయటి వైపు జారుడు కోటింగ్ ఉన్న గాజు తెప్పించుకునే వీలుందేమో కనుక్కోండి, అది గీతల్ని బాగా తగ్గిస్తుంది. మేం మొదటి నాలుగే చేశాం. షిఫ్టుకు రెండు మూడు ఆగుళ్లు వారానికి ఒకటి రెండుకు దిగాయి. కొత్త యంత్రం ఒక్కటీ కొనలేదు.

దీని లోపం చేంజోవర్. వయల్ సైజు మారితే స్క్రూ, స్టార్ వీల్, గైడ్ రెయిల్స్ అన్నీ మార్చాలి, మార్చాక మళ్లీ టైమింగ్ పట్టాలి. నెలకు రెండు సైజులు నడిపేవాళ్లకు ఇదేమీ బరువు కాదు. రోజుకు మూడు మార్చేవాళ్లకు నరకం.

డెల్టా రోబో ఎవరికి

మూడు సన్న చేతులతో పైనుంచి వేలాడే ఈ రోబోను స్విట్జర్లాండ్‌లోని లోజాన్ పాలిటెక్నిక్‌లో రేమండ్ క్లావెల్ 1980లలో కనిపెట్టాడు. ఆలోచన తట్టింది చాక్లెట్లు సర్దే పని చూసినప్పుడట. దాని సత్తా ఇప్పటికీ ఆ రకం సరుకులోనే. బిస్కెట్లు, చాక్లెట్లు, మాత్రల బ్లిస్టర్ స్ట్రిప్పులు బెల్టు మీద చెల్లాచెదురుగా వస్తుంటే కెమెరాతో చూసి ఏరి కార్టన్‌లో పెట్టడానికి దీనికి సాటి లేదు. వయల్స్‌కైతే నేను సిఫారసు చేయను. అప్పటికే వరుసలో నిలబడి వచ్చే దాన్ని ఎత్తి పెట్టడమంటే ఇంకో చేయి మారినట్టే. సక్షన్ కప్పు పట్టు తప్పితే ఎత్తు నుంచి పడుతుంది. సూక్ష్మజీవులు లేకుండా ఉంచే స్టెరైల్ గదిలో పైనుంచి కిందికి ప్రవహించే శుభ్రమైన గాలికి రోబో చేతులు అడ్డొస్తాయి. అట్టపెట్టెల్లో సర్దే కార్టనింగ్ దగ్గర, గది బయట, పెట్టుకోండి.

గాలి మెత్త మీద జారే ఎయిర్ టేబుళ్లు కూడా ఉన్నాయి. ఖాళీ ప్లాస్టిక్ సీసాలకు గాలి కన్వేయర్లు భేషుగ్గా పనిచేస్తాయి. స్టెరైల్ గదిలో కింద నుంచి గాలి ఊదుతానంటే మాత్రం మీ క్వాలిటీ హెడ్ లోపలికి రానివ్వరు.

మ్యాగ్లెవ్ లెక్క వేసేటప్పుడు

బ్రోచర్‌లో సెకనుకు 2 మీటర్ల వేగం, సెకనుకు సెకనుకు 20 మీటర్ల త్వరణం అని ఉంటుంది. అది మూవర్ సత్తా, మీ సరుకు సత్తా కాదు. నున్నటి పలక మీద ఊరికే నిలబెట్టిన వయల్ ఘర్షణ గుణకం 0.3 అనుకుంటే 3 మీటర్ల త్వరణం దగ్గరే జారడం మొదలవుతుంది. 24 మి.మీ. వెడల్పు, 45 మి.మీ. ఎత్తు ఉన్న వయల్ జారకుండా పట్టి ఉంచినా త్వరణం 5 దాటితే ఒరుగుతుంది. గుంటలో బిగిస్తే ఒరగదు గానీ లోపలి మందు ఊగుతుంది, గాజు గుంట గోడకు తగులుతుంది. బండి ఎక్కిన మనిషి బ్రేకుకు వెనక్కి వాలినట్టు మూవర్ కూడా ఒకవైపు వంగి దీన్ని కొంత సర్దుకోగలదు. కానీ 5 డిగ్రీలు వంగితే త్వరణంలో వచ్చే లాభం 0.86 మాత్రమే. భద్రంగా 2 అని పెట్టుకోవడం నా అలవాటు.

ఈ తేడా ఎంత పని చేస్తుందంటే, ఒక మీటరు దూరానికి 20 త్వరణంతో 0.6 సెకన్లు పట్టేది, 2తో 1.4 సెకన్లు పడుతుంది. మూవర్ల సంఖ్య దీన్ని బట్టే తేలుతుంది. మూవర్‌కు 10 వయల్స్ అనుకుంటే నిమిషానికి 300కు 30 ట్రిప్పులు, అంటే రెండు సెకన్లకు ఒకటి. ఎక్కించుకుని, వెళ్లి, దించి, తిరిగి రావడానికి 12 సెకన్లయితే 6 మూవర్లు చాలు. 18 సెకన్లయితే 9 కావాలి. కొటేషన్‌లో 6 అని ఉంటే ఏ త్వరణంతో లెక్కేశారో అడగండి. ఒక్కో మూవర్‌కు ఒక్కో వయల్ పెట్టే డిజైన్ అయితే అదే 12 సెకన్లకు 60 మూవర్లు! చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, బిల్లు మాత్రం కాదు.

బరువు సంగతి కూడా ఉంది. బీ అండ్ ఆర్ మూవర్లు పరిమాణాన్ని బట్టి 0.6 కిలో నుంచి 14 కిలోల దాకా మోస్తాయి. వయల్స్‌ని పట్టే గుంటల ఫిక్స్చర్ బరువు కూడా అందులోదే. ఎత్తుగా తేలమంటే మోయగలిగే బరువు తగ్గుతుంది. తేలుతూనే తన మీది బరువును గ్రాము స్థాయిలో చెప్పగలదని కూడా అంటారు, నిజమే. దాంతో గుంట ఖాళీగా ఉందా, వయల్ ఉందా తెలుస్తుంది. 2 మి.లీ. ఫిల్ సరిగ్గా పడిందా అని చూడ్డానికి అది చాలదు, విడిగా బరువు తూచే సెన్సార్, అంటే లోడ్ సెల్, ఉండాల్సిందే.

అన్నిటికంటే పెద్ద చిక్కు పొడవు. స్లాట్ కన్వేయర్‌ను ఇంకో మీటరు పెంచడం పెద్ద ఖర్చు కాదు. మ్యాగ్లెవ్‌లో మీటరుకు ఒక వరుసకు నాలుగు టైళ్లకు పైనే పడతాయి. వెళ్లేవీ తిరిగి వచ్చేవీ దాటుకోవాలంటే రెండు వరుసలు. 10 మీటర్ల లైన్‌కు 84 టైళ్లు. అందుకని చాలామంది మధ్యలో ఫిల్లింగ్ దగ్గర మూడు మీటర్ల దీవిలా మ్యాగ్లెవ్ పెట్టి, అటూ ఇటూ మామూలు కన్వేయర్లే ఉంచుతారు. మంచి ఆలోచనే. కాకపోతే దీవికి రెండు ఒడ్డులుంటాయి. కన్వేయర్ నుంచి మూవర్ మీదికి ఒక చేతిమార్పు, మూవర్ నుంచి కన్వేయర్ మీదికి ఇంకోటి. తీసేసిన చేతిమార్పులు రెండే అయితే మీరు డబ్బు పోసి వాటిని అక్కడి నుంచి ఇక్కడికి జరిపారంతే. స్టార్ వీల్స్, స్క్రూ, టర్న్ టేబుల్, రిజెక్ట్ గేట్ ఇవన్నీ ఆ దీవిలో కలిసిపోయి నాలుగైదు చేతిమార్పులు పోతేనే లెక్క కుదురుతుంది.

అయితే ఎవరు కొనాలి

చిన్న బ్యాచులు, రకరకాల సైజులు, ఖరీదైన మందు, ఐసొలేటర్ అనే మూసిన శుభ్రమైన గది లోపల ఫిల్లింగ్. ఈ నాలుగూ కలిసినచోట మ్యాగ్లెవ్‌కు నేను ఓటేస్తాను. స్టెరైల్ ఉత్పత్తికి యూరప్ సవరించిన అనెక్స్ 1 నిబంధనలు 2023 ఆగస్టు నుంచి అమలయ్యాయి. మనిషి జోక్యాన్నీ, కలుషితమయ్యే మార్గాల్నీ వీలైనంత తగ్గించమని అది గట్టిగా అడుగుతోంది. బేరింగు, గ్రీజు, బెల్టు పొడి ఏవీ లేని చదును నేల, తుడిస్తే శుభ్రమయ్యే నేల అక్కడ నిజంగా పనికొస్తుంది. యూరప్‌కు, అమెరికాకు ఎగుమతి చేసే జీనోమ్ వ్యాలీ తరహా యూనిట్లు కొత్త లైన్ వేసేటప్పుడు దీన్ని లెక్కలోకి తీసుకోవడం సబబే. పాత లైన్‌కు అతికించడం మాత్రం వద్దు. లైన్ సరిగ్గా పనిచేస్తోందని మళ్లీ పరీక్షించి రుజువు చేసే రీవాలిడేషన్ ఖర్చూ, అది అయ్యేదాకా ఆగే ఉత్పత్తీ కలిపితే కొత్త యంత్రం ధర చిన్నదిగా కనిపిస్తుంది.

రెండు మూడు సైజులే, పెద్ద బ్యాచులే, గది బయట లేబులింగ్, కార్టనింగ్ దగ్గరే సమస్య అయితే చక్రాల ట్రాక్ దాకా ఆలోచించండి, అంతకు మించి వద్దు. అదే సైజు రోజంతా నడిస్తే పైన చెప్పిన మరమ్మతులు చాలు.

మందుల లోకం దాటితే నా జవాబు ఇంకా పొట్టిది. కోడిగుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందున్నది ఆంధ్రప్రదేశ్. అక్కడ గుడ్డును రోలర్ల మీద దొర్లించి, సక్షన్ కప్పులతో ట్రేలో పెట్టే యంత్రాలే సరైనవి. ఒక్కో గుడ్డు మీద మిగిలే పైసలకు మ్యాగ్లెవ్ మాట తలచుకోవడం కూడా దండగ. యాపిల్‌కూ అంతే, నీళ్లలో తేలిస్తే చాలు, అదే మనకు అందుబాటులో ఉన్న లెవిటేషన్. ఇక ఆత్రేయపురం పూతరేకులను మెత్తగా పట్టుకునే యంత్రం ఇంకా పుట్టలేదు, అక్కడి ఆడవాళ్ల చేతులే దానికి సరి.

కొనాలనే నిర్ణయానికి వస్తే ఇంకొన్ని తలనొప్పులు ముందే తెలిసి ఉండాలి. మూవర్ అడుగున ఉన్నవి బలమైన నియోడిమియం అయస్కాంతాలు. పేస్‌మేకర్ ఉన్న ఆపరేటర్‌ను దగ్గరికి రానివ్వకూడదు. స్పానర్, బ్లేడు, స్టేపుల్ పిన్ను ఏది పడినా లాక్కుంటుంది. మెటల్ డిటెక్టర్‌ను దానికి దూరంగా పెట్టాలి. స్ప్రింగ్ ఉన్న పెన్ ఇంజెక్టర్లయితే ముందు ట్రయల్ తప్పదు. స్పేర్ మూవర్లు మొదటి ఆర్డర్‌లోనే కొనేయండి. అరుదైన ఖనిజాల అయస్కాంతాలలో కొన్ని రకాల ఎగుమతి మీద చైనా 2025 ఏప్రిల్‌లో ఆంక్షలు పెట్టినప్పుడు మోటార్లు వాడే పరిశ్రమలన్నీ ఉలిక్కిపడ్డాయి. సర్వీస్ సంగతికొస్తే బెకాఫ్, బీ అండ్ ఆర్ రెండింటి భారత కార్యాలయాలూ పుణే కేంద్రంగానే నడుస్తాయి. హైదరాబాద్‌కు మనిషి ఎన్ని గంటల్లో వస్తాడో కాంట్రాక్టులో రాయించండి. మీ ఫిట్టర్ బెల్టు మారుస్తాడు గానీ మూవర్ల దారి సాఫ్ట్‌వేర్ మార్చలేడు. ఇద్దరిని ముందే ట్రైనింగ్‌కు పంపాలి.

చివరగా, డబ్బు కట్టే ముందు వాళ్ల ఫ్యాక్టరీలో ట్రయల్ చూస్తారు కదా. వాళ్లు చూపించే మెరిసే వయల్స్ వద్దనండి. మీ దగ్గర ఎక్కువగా పగిలే లాట్ నుంచి రెండు వేలు తీసుకెళ్లండి, నింపినవే. మీ నిమిషం లెక్కకే నడపమనండి. ఫోను స్లో మోషన్ పెట్టి రెండు ఒడ్డుల దగ్గరా వీడియో తీసుకోండి. ఆ తర్వాత పూర్తి వేగంతో నడుస్తుండగా మెయిన్ స్విచ్ ఆపమనండి. తేలే పలకలు టైళ్ల మీద దిగి జారతాయి. ఎంత దూరం జారాయి, ఎన్ని వయల్స్ ఒరిగాయి, కరెంటు వచ్చాక ఏ మూవర్ మీద ఏ వయల్ ఉందో యంత్రానికి గుర్తుందా, మళ్లీ లైన్ ఎక్కడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, ఇవన్నీ కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి.